సూది గుచ్చితే నరాల్లో నిజంగా ఏం జరుగుతుంది?

చిలకపచ్చ (చర్చ మొదలుపెట్టినవారు):

అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేది. లేచి కూర్చుని చెయ్యి విదిలించుకుంటే గానీ మళ్లీ నిద్ర పట్టేది కాదు. డాక్టరు గారు నరాల పరీక్ష చేయించి, మణికట్టు దగ్గర మీడియన్ నరం నలుగుతోంది, దీన్ని కార్పల్ టనెల్ అంటారు అన్నారు. రాత్రిళ్లు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోమన్నారు.

ఈలోగా తెలిసినవాళ్లు చెబితే ఆక్యుపంక్చర్‌కి కూడా వెళ్లాను. ఆరు సిట్టింగులు అయ్యాయి. తిమ్మిరి సగానికి సగం తగ్గింది. సంతోషమే, కాదనను. ఎలా తగ్గిందండీ అని అడిగితే మాత్రం ఆయన "నాడుల్లో శక్తి ఆగిపోయింది, దారి తెరిచాం" అన్నారు. డాక్టరు గారు నరం అంటారు, ఈయన నాడి అంటారు. రెండూ ఒకటేనా? పైగా కుడిచేతికి జబ్బయితే ఎడమకాలి చీలమండ దగ్గర రెండు సూదులు పెట్టారు. అదెందుకో అస్సలు అర్థం కాలేదు.

గొడవ పెట్టడానికి కాదు, తెలుసుకోవాలనే అడుగుతున్నా. సూది లోపలికి వెళ్లాక నరాలకి ఏమవుతుంది?

ఎర్రసిరా:

పట్టీ కూడా కట్టుకుంటున్నారా?

చిలకపచ్చ:

కట్టుకుంటున్నా. రెండూ ఒకే వారంలో మొదలుపెట్టా. మీరు ఎటు వస్తున్నారో అర్థమైంది.

ఎర్రసిరా:

అంతే మరి. రెండూ కలిపి మొదలుపెట్టాక ఏది తగ్గించిందో మీకూ తెలియదు, ఆయనకూ తెలియదు. కార్పల్ టనెల్ కొందరిలో దానంతట అదే నెమ్మదిస్తుంది కూడా. "శక్తికి దారి తెరిచాం" అనే జవాబుతో వచ్చిన చిక్కేమిటంటే అది ఎప్పటికీ తప్పు కాదు. తగ్గితే దారి తెరుచుకుంది, తగ్గకపోతే ఇంకా తెరుచుకోలేదు.

పలకాబలపం:

నేను చాలా ఏళ్లు ఫిజియాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఎర్రసిరా గారి అనుమానం సబబే. కానీ ముందు చిలకపచ్చ గారు అడిగిన మాటల సంగతి తేల్చాలి, ఎందుకంటే తెలుగులో ఈ గందరగోళం సగం మాటల వల్లే వచ్చింది.

నాడి చూడటం అంటే పల్స్ చూడటం. ఇడ, పింగళ నాడులంటే యోగంలో చెప్పే దారులు. నాడీ వ్యవస్థ అంటే మెదడు, వెన్నుపాము, వాటి నుంచి బయల్దేరే తీగలు. మూడింటికీ ఒకటే మాట. నరం సంగతీ అంతే. "నరానికి ఇంజెక్షన్ ఇచ్చారు" అంటాం, అది రక్తనాళం. "కాళ్ల మీద నరాలు తేలాయి" అంటాం, అవి సిరలు. "నరాల డాక్టరు" అన్నప్పుడు మాత్రం అసలు నరాలే. నా క్లాసులో మొదటి వారమంతా ఈ ముడి విప్పడానికే సరిపోయేది.

మీ ఆక్యుపంక్చర్ ఆయన చెప్పిన నాడి, చైనా సంప్రదాయంలో జింగ్‌లువో అనే దారి. ముఖ్యమైనవి పద్నాలుగు గీస్తారు, వాటి మీద 361 బిందువులు గుర్తిస్తారు. ఆ గీతల వెంట శరీరాన్ని కోసి చూస్తే వేరే గొట్టమేదీ దొరకదు. దొరికేవి నరాలు, రక్తనాళాలు, కండరాలు, వాటి మధ్య పొరలు. అంటే ఆయన నాడి, డాక్టరు గారి నరం ఒకటి కావు.

కాకపోతే ఒక విచిత్రం చూడండి. మణికట్టు ముడత నుంచి మూడు వేళ్ల వెడల్పు పైకి, రెండు స్నాయువుల మధ్య నైగువాన్ అనే బిందువు ఉంది. వాంతులకు, వికారానికి వాడే పేరున్న బిందువు. దాని కింద సరిగ్గా పరుచుకుని ఉన్నది మీ మీడియన్ నరమే. గీత వెనకున్న సిద్ధాంతం ఏదైనా, సూది మొన చేరే చోట ఏముందన్నది మాత్రం శరీరం చెప్పేస్తుంది.

పాతకాపు:

నాకు నడుం నొప్పికి పెట్టారు, పదిహేనేళ్ల కిందట. అప్పట్లో నా భయమంతా ఒక్కటే, సూది నరంలో దిగితే కాలు పడిపోతుందేమోనని. పలకాబలపం గారు చెప్పాక ఇప్పుడు తెలుస్తోంది, నేను ఏ నరం గురించి భయపడ్డానో నాకే తెలియదని.

సన్నసూది:

నేను ఫిజియోథెరపిస్టుని, ఆక్యుపంక్చర్ కూడా నేర్చుకుని చేస్తాను. పాతకాపు గారి భయం చాలామందికి ఉంటుంది. మా సూది ఇంజెక్షన్ సూదిలా బోలుగా ఉండదు. పావు మిల్లీమీటరు మందం ఉండే గట్టి తీగ లాంటిది. కోసుకుంటూ పోదు, తోసుకుంటూ వెళుతుంది. నరానికి తగిలితే జివ్వుమని కరెంటు కొట్టినట్టు వేళ్ల దాకా పాకుతుంది, పేషెంటు ఉలిక్కిపడతారు. అలా అయితే వెంటనే వెనక్కి తీయాలి. నరం పక్కన పెట్టడం మా పని, నరంలో దించడం కాదు.

మేము కోరుకునే స్పందన వేరు. బరువుగా, లోపల ఎవరో వేలితో నొక్కుతున్నట్టు, కాస్త తిమ్మిరిగా, చుట్టూ పరుచుకుంటున్నట్టు ఉంటుంది. చైనీస్‌లో దాన్ని ద చీ అంటారు. అదే సమయంలో సూదిని లోపలి నుంచి పట్టుకుని లాగినట్టు నా వేళ్లకి తెలుస్తుంది. చేపకి గాలం తగిలినట్టు ఉంటుందని మాకు నేర్పారు. చాలాకాలం ఇది శక్తి వచ్చి చేరడమే అనుకున్నాను. 2001 ప్రాంతంలో అమెరికాలో హెలీన్ లాంజెవిన్ అనే పరిశోధకురాలి బృందం దీన్ని పరిశీలించి, సూదిని తిప్పినప్పుడు చర్మం కింది పొరలోని పీచు దాని చుట్టూ దారంలా చుట్టుకుంటుందని చూపించింది. కదురు మీద నూలు చుట్టుకున్నట్టన్నమాట. ఆ లాగుడు పక్కనున్న కణాలకీ నరాల కొసలకీ అందుతుంది.

చిలకపచ్చ:

ఆ బరువు నాకూ తెలుసు. నొప్పి కాదు, అలాగని నొప్పి కాదనీ చెప్పలేం. అయితే ఆ బరువుని మోసుకెళ్లేది ఏ నరం?

పలకాబలపం:

మంచి ప్రశ్న. నరమంటే ఒకే తీగ కాదు, వేల పోగుల కట్ట. అందులో రకాలున్నాయి. ఏ-బీటా పోగులు లావుగా ఉంటాయి, తాకిడిని మోస్తాయి. ఏ-డెల్టా సన్నవి, సూది గుచ్చగానే చురుక్కుమనే కబురు వాటిది. సి పోగులు ఇంకా సన్నవి, పైన తొడుగు కూడా ఉండదు, సెకనుకి మీటరు అటూ ఇటూగా నత్తనడక నడుస్తాయి. గుడ్డిగా లాగే నొప్పి, బరువు వాటి ఖాతా. చర్మం దాటేటప్పుడు వచ్చే చురుకు ఒకటి, కండరంలోకి దిగాక వచ్చే బరువు ఒకటి. సన్నసూది గారు చెప్పే ద చీ ఎక్కువగా ఈ రెండోది.

1970లలో చైనా పరిశోధకులు ఒక తేలికైన పరీక్ష చేశారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ఉండే హెగు బిందువు దగ్గర తిమ్మిరి మందు ఎక్కించారు. చర్మం కింద మాత్రమే ఎక్కిస్తే సూది ప్రభావం అలాగే ఉంది. లోపలి కండరంలో ఎక్కిస్తే నొప్పి తగ్గించే గుణం పోయింది. అంటే శక్తి ఏ దారిన పోతుందని అనుకున్నా, నరం మూగబోతే సూది కూడా మూగబోతుంది. నాకు ఈ ఒక్క ప్రయోగం మిగతా వాదనలన్నిటికంటే విలువైనది. ఆక్యుపంక్చర్‌ని సమర్థించేవాళ్లూ ఎగతాళి చేసేవాళ్లూ ఇద్దరూ దీన్ని తలుచుకోరు, అది వేరే సంగతి.

కబురు వెన్నుపాముకి చేరాక ఏమవుతుందంటే, అక్కడ ఒక కాపలా ఉంది. కాలికి దెబ్బ తగిలితే అప్రయత్నంగా రుద్దుకుంటాం కదా, ఉపశమనం వస్తుంది. రుద్దుడు కబురు నొప్పి కబురుకి అడ్డుపడుతుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు దీనికి గేట్ అని పేరు పెట్టారు. వాళ్లు గీసిన బొమ్మలో వివరాలు తర్వాత చాలా మారాయి, అసలు ఆలోచన నిలిచింది. ఆపైన కబురు మెదడు కాండానికి వెళుతుంది. అక్కడి నుంచి సెరటోనిన్, నోరాడ్రినలిన్ అనే రసాయనాలు వాడుకుంటూ కిందికి ఒక తాఖీదు వస్తుంది, "నొప్పి కబుర్లు తగ్గించండి" అని. సూది ఈ కిందికి దిగే దారిని కదుపుతుందని జంతువుల్లో బాగానే తేలింది.

పాతకాపు:

నాకు సూదులకి తీగలు తగిలించి కరెంటు పెట్టేవారు. పిక్క దానంతట అదే టకటకా కొట్టుకుంటుంటే నాకు నవ్వాగేది కాదు. ఒక్కోరోజు నెమ్మదిగా, ఒక్కోరోజు సన్నగా జుమ్మంటూ పెట్టేవారు. ఎందుకలా మారుస్తారు?

సన్నసూది:

అది ఎలక్ట్రో ఆక్యుపంక్చర్. బీజింగ్‌లో హాన్ జీషెంగ్ అనే శాస్త్రవేత్త జీవితమంతా దీని మీదే పనిచేశారు. సూది పెట్టిన కుందేలు మెదడు ద్రవాన్ని తీసి, సూది పెట్టని కుందేలుకి ఎక్కిస్తే దానికి కూడా నొప్పి ఓర్పు పెరిగింది. ద్రవంలో ఏదో రసాయనం ఉందని అప్పుడే అనుమానం. 1975లో స్కాట్లండ్‌లోని అబెర్డీన్‌లో హ్యూస్, కోస్టర్లిట్జ్ అనే శాస్త్రవేత్తలు ఎన్‌కెఫలిన్లను కనిపెట్టాక దానికి పేరు దొరికింది. అవి మన శరీరం సొంతంగా తయారుచేసుకునే, నొప్పిని అణిచే మార్ఫిన్ మందు లాంటి పదార్థాలు. హాన్ బృందం తర్వాత చూపించిందేమిటంటే సెకనుకి 2 సార్లు కొట్టే నెమ్మది కరెంటుకి ఎన్‌కెఫలిన్లు, బీటా ఎండార్ఫిన్ ఎక్కువగా వస్తాయి, 100 సార్లు కొట్టేదానికి డైనార్ఫిన్ అనే ఇంకో రకం వస్తుంది. మీకు రోజు మార్చి రోజు పెట్టింది అందుకే అయి ఉంటుంది. ఇంకోటి, గంటల తరబడి పెడితే ఫలితం పెరగదు, తగ్గుతుంది. కోలెసిస్టోకైనిన్ అనే పదార్థం ఎదురు తిరుగుతుంది. అందుకే అరగంటతో ఆపేస్తాం.

మార్ఫిన్ విరుగుడు నాలోక్సోన్ ఇస్తే సూది వల్ల వచ్చిన ఉపశమనం తగ్గిపోతుందని 1976లో ఎలుకల్లో, 1977లో మనుషుల్లో చూపించారు. మా క్లాసులో ఇది చెప్పిన రోజు నాకు భలే ధైర్యం వచ్చింది. మాది మంత్రం కాదు, రసాయనం అని.

ఎర్రసిరా:

మీ ధైర్యానికి నీళ్లు చల్లుతున్నానని అనుకోకండి. మరుసటి ఏడాదే, 1978లో, లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ అనే ముగ్గురు పన్ను పీకించుకున్నవాళ్ల మీద ఇంకో పరీక్ష చేశారు. మందు అని చెప్పి ఉత్తుత్తి మందు ఇచ్చినా కొందరికి నొప్పి తగ్గుతుంది కదా, ఆ తగ్గుదలని కూడా నాలోక్సోన్ చెరిపేసింది. కాబట్టి ఎండార్ఫిన్ వచ్చినంత మాత్రాన అది సూది గొప్పదనమని చెప్పలేం. నమ్మకం కూడా అదే మీట నొక్కుతుంది.

ఇంకో కథ కూడా సరిదిద్దాలి, ఎక్కడ చూసినా తప్పుగానే తిరుగుతోంది. 1971లో జేమ్స్ రెస్టన్ అనే అమెరికా విలేఖరికి బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ అయింది. సూదులతోనే మత్తిచ్చి కోశారని చెప్పుకుంటారు. ఆయన స్వయంగా రాసిన దాని ప్రకారం ఆపరేషన్‌కి మామూలు తిమ్మిరి ఇంజెక్షనే ఇచ్చారు. తర్వాత కడుపు ఉబ్బరానికి సూదులు పెట్టారు. పశ్చిమ దేశాల్లో ఆక్యుపంక్చర్ మోజు మొదలైంది ఈ కథతోనే అంటే ఆశ్చర్యం లేదు, కోతకి మత్తు అన్నంత గొప్పగా ఉబ్బరం వినబడదు కదా.

సన్నసూది:

ఉబ్బరం సంగతి ఒప్పుకున్నా. నాలోక్సోన్ సంగతి కూడా. కానీ సూది పనితీరంతా నమ్మకమే అయితే ఎలుకకేం నమ్మకం ఉంటుంది? 2010లో రాచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుక మోకాలి కింద సూది పెట్టి తిప్పితే ఆ చోట అడినోసిన్ పెరిగింది. అది నరం కొసల్లో నొప్పి కబుర్లను అణిచే పదార్థం. దాన్ని అందుకునే గ్రాహకాలు లేని ఎలుకలకి సూది పనిచేయలేదు. ఇందులో మెదడు నమ్మకం పాత్ర ఏముంది?

ఎర్రసిరా:

ఎలుక విషయం ఒప్పుకుంటా. అయితే సూది బదులు వేరే ఏ చిన్న గాయం చేసినా అడినోసిన్ వస్తుంది కదా. అప్పుడు ఆ బిందువే ఎందుకు?

పలకాబలపం:

"ఆ బిందువే ఎందుకు" అన్న దగ్గరే అసలు తగువు. దీనికి నాకు తెలిసిన మంచి జవాబు 2021లో వచ్చింది. హార్వర్డ్‌లో చియుఫు మా బృందం ఎలుకల్లో ఒంటి వాపుని, అంటే ఇన్‌ఫెక్షన్ లాంటి స్థితిలో శరీరమంతా పాకే మంటని, తీసుకుంది. వెనకకాలి మీద జూసాన్లీ అనే బిందువు దగ్గర తక్కువ కరెంటు పెడితే కబురు వెన్నుపాము మీదుగా మెదడుకి వెళ్లి, అక్కడి నుంచి గుండె, పొట్ట దాకా దిగే వేగస్ నరం దారిలో, మూత్రపిండం మీదుండే అడ్రినల్ గ్రంథికి చేరి, వాపుని తగ్గించే పదార్థాలు వదిలించింది. అదే కరెంటు పొట్ట మీద పెడితే ఆ దారి కదలలేదు. కారణం కూడా చూపించారు. కాలి ఎముకను అంటిపెట్టుకున్న లోతు పొరల్లోకి వెళ్లే ఒక రకం నరాలు ఈ పని చేస్తున్నాయి, పొట్ట గోడలో అవి లేవు. ఆ నరాలను తీసేసిన ఎలుకల్లో కాలి బిందువు కూడా పనిచేయడం మానేసింది.

చూశారా, చోటు ముఖ్యమే. కానీ ముఖ్యమైంది గీత వల్ల కాదు, అక్కడున్న నరం రకం వల్ల. సన్నసూది గారు సగం గెలిచారు, ఎర్రసిరా గారు సగం గెలిచారు, పందెం సొమ్ము నాకివ్వండి.

ఒక హెచ్చరిక. ఇది చూసి ఆక్యుపంక్చర్ ఇన్‌ఫెక్షన్లు తగ్గిస్తుందని ప్రచారం చేసేవాళ్లున్నారు. ఎలుకలో ఒక దారి దొరకడం వేరు, జ్వరంతో మంచం పట్టిన మనిషికి సూదితో వైద్యం చేయడం వేరు. అంతకుముందు 2020లో ఇదే బృందం, ఎక్కువ కరెంటు వాడితే సింపథెటిక్ నరాలు, అంటే ఆపదలో ఒంటిని హడావిడి పెట్టేవి, కదులుతాయనీ, వ్యాధి ముదిరాక అలా కదిపితే మేలు బదులు కీడు జరిగిందనీ చూపించింది. ఆ మాట ప్రచారాల్లో కనబడదు.

తొలకరిచినుకు:

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. సూదులు పెట్టించుకుంటూ కూర్చున్న కుర్చీలోనే నేను కళ్లు తిరిగి పడిపోయాను. చెమటలు పట్టాయి, చెవుల్లో హోరు, అంతే గుర్తుంది. "నీకు నరాల బలహీనత ఉంది, ఇంకో పది సిట్టింగులు కావాలి" అన్నారు. ఇది నిజమేనా?

పలకాబలపం:

కాదమ్మా. సూది చూసి, లేదా నొప్పికి, వేగస్ నరం ఒక్కసారిగా ఎక్కువ పనిచేస్తే గుండె వేగం తగ్గుతుంది, రక్తనాళాలు వదులవుతాయి, బీపీ పడిపోతుంది. మెదడుకి రక్తం తగ్గి కళ్లు తిరుగుతాయి. రక్తం తీయించుకునేటప్పుడు పడిపోయేవాళ్లది కూడా ఇదే కథ. నరాలు బలహీనమై కాదు, చెప్పాలంటే ఆ నరం కాస్త హుషారెక్కువై. "నరాల బలహీనత" అనేది మన దగ్గర తిరిగే మాటే గానీ ఒక జబ్బు పేరు కాదు. దాన్ని చెప్పి సిట్టింగులు అమ్మడం నాకు నచ్చలేదు.

సన్నసూది:

తొలకరిచినుకు గారూ, మొదటిసారి వచ్చేవాళ్లని కూర్చోబెట్టి సూది పెట్టకూడదు, పడుకోబెట్టాలి. తప్పు మీకు సూది పెట్టినవాళ్లది. ఇంకోసారి వెళితే పడుకునే పెట్టించుకోండి, పడిపోయిన సంగతి ముందే చెప్పండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు కరెంటు సూదులకి దూరంగా ఉండాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. ఛాతీ, భుజాల పైభాగంలో లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం ఉంది, అరుదే అయినా ప్రాణం మీదకి వస్తుంది. కొత్త సూది మన కళ్ల ముందే కవరు చించి తీయాలి.

కొత్తనీరు:

అత్యవసరంగా అడుగుతున్నా. నాన్నగారికి నిన్న పొద్దున్నుంచి మూతి ఒక పక్కకి పోయింది, ఒక కన్ను మూసుకోవడం లేదు. ఆక్యుపంక్చర్‌తో బాగవుతుందని బంధువులు అంటున్నారు. మంచి బిందువులేవో చెప్పగలరా?

సన్నసూది:

బిందువులు తర్వాత. ఇప్పుడే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. అది పక్షవాతం కావచ్చు. చెయ్యి, కాలు బలం తగ్గినా, మాట తడబడినా ఒక్క నిమిషం కూడా ఆగకండి.

పలకాబలపం:

బయల్దేరండి, ఇది దారిలో చదవండి. ముఖనరం ఒక్కటే దెబ్బతింటే బెల్స్ పాల్సీ అంటారు. అప్పుడు నుదురు కూడా ఆ పక్క ముడత పడదు. పక్షవాతంలో తరచుగా నుదురు ముడత పడుతుంది. కానీ ఈ తేడా ఇంట్లో తేల్చుకోవద్దు, డాక్టరే చూడాలి. బెల్స్ పాల్సీ అయితే స్టెరాయిడ్ మాత్రలు మొదటి 72 గంటల్లో మొదలుపెడితేనే ఎక్కువ మేలు. నిన్న పొద్దున్నంటే అందులో ఇప్పటికే ఒక రోజు పోయింది. మూతపడని కన్ను ఎండిపోతుంది, చుక్కల మందు అడగండి.

కొత్తనీరు:

హాస్పిటల్లో ఉన్నాం. పక్షవాతం కాదన్నారు, ముఖనరమేనట. మాత్రలు మొదలుపెట్టారు. రాత్రి కన్ను మూసి టేపు వేయమన్నారు. మీ ఇద్దరికీ చేతులెత్తి దండం.

సన్నసూది:

అమ్మయ్య. ఇప్పుడు బిందువుల సంగతి. చైనాలో 338 మంది బెల్స్ పాల్సీ రోగుల మీద చేసిన పరీక్ష 2013లో వచ్చింది. అందరికీ స్టెరాయిడ్ ఇచ్చారు, అందరికీ సూదులు పెట్టారు. సగం మందికి సూది తిప్పుతూ ద చీ వచ్చేలా చేశారు, మిగతావాళ్లకి ఊరికే పెట్టి వదిలేశారు. ఆరు నెలల తర్వాత తిప్పినవాళ్లలో ముఖ కండరాలు ఇంకా బాగా కోలుకున్నాయి. మాత్రలకి తోడుగా కావాలంటే డాక్టరుతో మాట్లాడి చేయించండి. మాత్రల బదులు మాత్రం కాదు.

మోడరేటర్:

ఇంటి వైద్యంతో ముఖ పక్షవాతం మూడు రోజుల్లో తగ్గిస్తామన్న రెండు వ్యాఖ్యలు, ఒక ఫోన్ నంబరు తొలగించాం. చర్చ కొనసాగించండి.

ఎర్రసిరా:

మళ్లీ మణికట్టుకి వద్దాం. మనుషుల్లో లెక్కలు చూస్తే ఉత్తుత్తి సూదితో పోల్చి చూడాలి. జర్మనీలో 1162 మంది నడుం నొప్పి రోగులతో చేసిన పరీక్ష 2007లో వచ్చింది. పద్ధతి ప్రకారం సూదులు పెట్టినవాళ్లలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. బిందువులు కాని చోట్ల పైపైన గుచ్చినవాళ్లలో 44.2 శాతం. మందులు, వ్యాయామం లాంటి మామూలు వైద్యంలో 27.4 శాతం. బిందువు తప్పినా పెద్దగా తేడా రాలేదు, కానీ సూదులు రెండు రకాలూ మామూలు వైద్యాన్ని దాటేశాయి.

పాతకాపు:

నేను ఆ 47లోనో 44లోనో ఉన్నట్టే. నడుం మాత్రం తగ్గింది బాబూ.

చిలకపచ్చ:

ఇది నాకు తికమకగా ఉంది. ఉత్తుత్తి సూది కూడా పనిచేస్తే అది ఉత్తుత్తిది ఎలా అవుతుంది?

పలకాబలపం:

సరిగ్గా పట్టుకున్నారు. తప్పు చోట పైపైన గుచ్చినా చర్మంలోని నరాలు కదులుతాయి కదా. అది చక్కెర మాత్ర లాంటిది కాదు, చిన్న మోతాదు సూదే. అందుకే కొందరు గుచ్చకుండా లోపలికి ముడుచుకునే మొద్దు సూదులు తయారుచేశారు, నాటకంలో కత్తిలా. వాటితో కూడా నొప్పి తగ్గేవాళ్లున్నారు.

2012లో విడివిడిగా రోగుల వివరాలు తెప్పించుకుని 29 పరీక్షలు, దాదాపు 18 వేల మందిని కలిపి లెక్కగట్టారు. దీర్ఘకాలపు నొప్పుల్లో అసలు సూది ఉత్తుత్తి సూదిని దాటింది, కానీ ఆ దూరం చిన్నది. అసలు ఏ సూదీ లేనివాళ్లతో పోలిస్తే దూరం పెద్దది. అంటే గది, పడక, తీరిగ్గా వినే మనిషి, ఎదురుచూపు అన్నీ కలిసి నాడీ వ్యవస్థ మీద చేసే పని పెద్దది, సూది మొన దాని మీద ఇంకొంచెం కలుపుతుంది. నాకైతే ఇది ఆక్యుపంక్చర్‌కి అవమానంగా అనిపించదు.

ఇప్పుడు మీ జబ్బు గురించే ఒక మంచి పరీక్ష ఉంది, దాన్ని చివరికి దాచుకున్నాను. కార్పల్ టనెల్ ఉన్నవాళ్లలో చెడేది మణికట్టు దగ్గర నరం ఒక్కటే కాదు. మెదడు పైపొరలో ఒక్కో వేలికి ఒక్కో చోటు ఉంటుంది. చూపుడువేలు, మధ్యవేలు నుంచి నెలల తరబడి ఒకే రకం తిమ్మిరి కబుర్లు కలిసి వస్తుంటే, మెదడులో ఆ రెండు వేళ్ల చోట్లు దగ్గరకి జరిగి ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. పక్కపక్క గదుల మధ్య గోడ కూలినట్టు.

2017లో బోస్టన్ పరిశోధకులు 80 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి జబ్బు చేతికే సూదులు, ఒక జట్టుకి ఎదురు పక్క చీలమండకి సూదులు, మూడో జట్టుకి గుచ్చని సూదులు. ఎదురు పక్క చీలమండ, గమనించారా? తిమ్మిరి, నొప్పి ఎంత తగ్గాయని అడిగితే మూడు జట్లూ ఒకే జవాబు చెప్పాయి. ఇక్కడితో ఆపితే ఎర్రసిరా గారు గెలిచినట్టే. కానీ నరంలో కరెంటు ఎంత వేగంగా పోతోందో కొలిస్తే అసలు సూదులు పెట్టిన రెండు జట్లలోనూ మెరుగుపడింది, గుచ్చని జట్టులో మెరుగుపడలేదు. చేతికి పెట్టినవాళ్ల మెదడులో వేళ్ల మధ్య దూరం కూడా పెరిగింది. ఎవరికి ఆ దూరం ఎక్కువ పెరిగిందో వాళ్లకే మూడు నెలల తర్వాత కూడా ఉపశమనం నిలిచింది.

ఎర్రసిరా:

ఇది నేను చదవలేదు, ఇప్పుడు చదివి వచ్చా. ఒకటే బృందం, 80 మందే. ఇంకెవరైనా చేసి అదే చూపిస్తే ఇంకా నమ్ముతా. మెదడు బొమ్మల పరిశోధనల్లో చేతులు కాల్చుకున్న చరిత్ర ఉంది. 1998లో కాలివేలి దగ్గర కంటి బిందువుకి సూది పెడితే మెదడులో చూపు భాగం వెలిగిందని గొప్పగా అచ్చయింది, 2006లో వెనక్కి తీసుకున్నారు. అయినా ఒప్పుకోవాలి, మనిషి చెప్పే మాటా నరం చెప్పే కొలతా ఇలా విడిపోవడం నాకు కొత్త.

చిలకపచ్చ:

చీలమండ రహస్యం తెలిసింది. మరి దూరాన గుచ్చితే మణికట్టులో నరం ఎలా బాగుపడుతుంది?

పలకాబలపం:

నరానికి కూడా రక్తం కావాలి. దాన్ని అందించే సన్న రక్తనాళాలను బిగించేదీ వదిలేదీ మన ప్రమేయం లేకుండా వాటంతటవే పనిచేసే నరాలే. కాలి నుంచి వెళ్లిన కబురు వాటి బిగింపు మార్చి నరానికి రక్తం పెంచి ఉండవచ్చన్నది వాళ్ల ఊహ. ఊహ అనే చెబుతున్నాను, తేలిన విషయం కాదు.

మీకు నేను చెప్పేదల్లా ఒకటి. బొటనవేలి మొదట్లో ఉండే మెత్తటి కండ ఎడమచేతితో పోలిస్తే పలచబడుతోందా, గుండీలు పెట్టుకునేటప్పుడు పట్టు జారుతోందా చూసుకోండి. అలా ఉంటే సూదులూ పట్టీలూ పక్కన పెట్టి సర్జన్ దగ్గరికి వెళ్లాలి. నలుగుతున్న నరం నెలల తరబడి ఆగదు.

చిలకపచ్చ (ఐదు వారాల తర్వాత):

ఎవరైనా ఇంకా చూస్తున్నారేమోనని రాస్తున్నా. కండ పలచబడలేదు, చూపించుకున్నాను. ఎర్రసిరా గారి మాట మనసులో పడి సూదులు మూడు వారాలు ఆపేసి పట్టీ ఒక్కటే ఉంచాను. రాత్రిళ్లు నిద్ర బాగానే పట్టింది. తర్వాత పట్టీ ఒక వారం తీసేసి చూద్దామనుకున్నాను. నాలుగో రాత్రికే తిమ్మిరి వచ్చింది, మళ్లీ కట్టేశాను. నరాల పరీక్ష మళ్లీ చేయించమని నేనే అడిగాను. మొదటిదానికంటే కాస్త మెరుగ్గా ఉందన్నారు.

సూదులు పెట్టే ఆయన్ని కలిసి చీలమండ గురించి అడిగాను. మెదడులో వేళ్ల చోట్లు, నరానికి రక్తం, ఇవన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "మా గురువు గారు అలా పెట్టమన్నారు, నేను పెట్టాను" అన్నారు. ఆ పరిశోధన పేరు కాగితం మీద రాసివ్వమని అడిగారు.

ఎర్రసిరా:

పట్టీకి ఒక మార్కు. సూదికి ఇంకా సున్నా కాదు, ఖాళీ.

పాతకాపు:

మీ ఇద్దరికీ మార్కులు వేయడమే పని. గుండీలు పెట్టుకోగలుగుతున్నారా అమ్మా?

చిలకపచ్చ:

పెట్టుకుంటున్నానండి. సూదిలో దారం ఎక్కించడం ఇంకా రావడం లేదు.